చదును చేయకముందే చేను నడవండి

పెనుకొండ కోట వాకిళ్ళలో ఒకదాని పేరు ఎర్రమంచి వాకిలి. అక్కడ దాదాపు పదకొండు అడుగుల ఆంజనేయుడు నిలబడి ఉంటాడు. కోట వాకిలికి ఒక ఊరి పేరు పెట్టారంటే, అందులోంచి బయటపడిన దారి ఆ ఊరికే పోయేదని ఎవరికైనా తడుతుంది. ఆ ఎర్రమంచిని ఇప్పుడు లోకం కియా పేరుతో గుర్తుపడుతోంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది, 536 ఎకరాలు చదునయ్యాయి, 2019లో కార్లు బయటికొచ్చాయి. విజయనగర రాజులు రక్కసతంగడి యుద్ధం తర్వాత తలదాచుకున్న రాజధాని పెనుకొండ. ఆ రాజధాని వాకిలినుంచి బయల్దేరిన దారి ఆ చేలల్లో ఏ మూలనుంచి పోయిందో, దాని పక్కన సత్రం ఉండేదో బావి ఉండేదో, అసలు ఏమీ లేదో, ఇక తేల్చే వీలు లేదు. లేదని తేలినా బాగుండేది. తేల్చే పనే జరగకుండా నేల మారిపోయింది.

కియా మీద ఫిర్యాదుగా ఈ మాట రాయడం లేదు. పెనుకొండ పిల్లలు బెంగళూరు బస్సెక్కకుండా సొంత ఊళ్ళో జీతం తీసుకోవడం ఈ సీమలో చిన్న సంగతి కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకుని వేరుశనగ విత్తి, అది కళ్ళముందే వాడిపోతే పొట్ట చేతపట్టుకుని వలసపోయిన నేల ఇది. ఫ్యాక్టరీలు రావాలి. వస్తున్నాయి కూడా. ఒకటొకటిగా వచ్చేవి ఇప్పుడు గంపగుత్తగా రాబోతున్నాయి కాబట్టే ఈ హెచ్చరిక.

2025 జులైలో దేవనహళ్లి దగ్గర 1,777 ఎకరాల సేకరణను రైతుల ఆందోళన తర్వాత కర్ణాటక ప్రభుత్వం వదులుకుంది. ఆ వెంటనే మన ఐటీ మంత్రి నారా లోకేశ్ ఏరోస్పేస్ కంపెనీలకు కబురు పెట్టారు: బెంగళూరు పక్కనే ఆంధ్రలో 8,000 ఎకరాలకు పైగా భూమి సిద్ధంగా ఉంది, రండి అని. లేపాక్షి, మడకశిర పేర్లు విమానాల, ఆయుధాల పరిశ్రమల వార్తల్లోకి ఎక్కాయి. హైదరాబాద్–బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో హిందూపురం ఒక కేంద్రం. చిలమత్తూరు మండలం కొడికొండ నుంచి విజయవాడ వైపు కొత్త ఎక్స్‌ప్రెస్‌వే చేల మీదుగా సాగుతోంది. ధర్మవరం చుట్టూ చేలు ప్లాట్లవుతున్నాయి.

సిద్ధంగా ఉన్న భూమి అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పట్టా చిక్కుల్లేవు, స్వాధీనం చేతికిస్తాం, రోడ్డూ కరెంటూ దగ్గర్లోనే ఉన్నాయి అని దాని అర్థం. ఆ నేలలో ఏముందో ఎవరైనా నడిచి చూశారని మాత్రం అర్థం కాదు.

నడిచి చూడమని మన చట్టం ఎవరినీ అడగదు. ప్రమాదమంతా అక్కడుంది. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం, పేరు పెట్టి ప్రకటించిన కట్టడాన్నీ స్థలాన్నీ కాపాడుతుంది. 2010 సవరణ దాని చుట్టూ 100 మీటర్లలో ఏమీ కట్టకూడదంది, ఆపైన ఇంకో 200 మీటర్లలో అనుమతి తీసుకుని కట్టుకోమంది. లేపాక్షి వీరభద్రస్వామి గుడికీ బసవన్నకూ ఈ కంచె ఉంది. 2022లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కాయి. సంతోషమే. కానీ లెక్క వేసి చూడండి. ఒక చోటు చుట్టూ 300 మీటర్ల వలయం గీస్తే లోపలికి వచ్చేది దాదాపు 70 ఎకరాలు. అదే లేపాక్షి పేరు చెప్పి పదిహేనేళ్ళ కిందట నాలెడ్జ్ హబ్‌ కోసమంటూ చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో ఒక సంస్థకు కట్టబెట్టిన భూమి 8,844 ఎకరాలు. హబ్ రాలేదు. భూములు బ్యాంకుల తాకట్టులోనూ కేసుల్లోనూ నలిగాయి. ఆ వ్యవహారమంతటిలో జరిగిన మేలు ఏదైనా ఉందంటే, నాలెడ్జ్ రాకపోవడంవల్ల బుల్డోజరూ రాలేదు.

పర్యావరణ అనుమతి ఉంటుంది కదా అనొచ్చు. 2006 నోటిఫికేషన్ కింద నింపే దరఖాస్తులో, 15 కిలోమీటర్ల లోపల సాంస్కృతిక విలువ వల్ల చట్టం కాపాడుతున్న చోట్లు ఉన్నాయా అని ఒక గడి ఉంది. అడిగింది చట్టం కాపాడుతున్నవాటి గురించే. ఎవరూ చూడని దిబ్బను ఏ చట్టం కాపాడుతుంది? పుట్టుక నమోదు కాని బిడ్డకు ఆధార్ కార్డు చూపించమన్నట్టుంది ఇది. సౌర విద్యుత్ ప్రాజెక్టులకైతే ఆ దరఖాస్తూ అక్కర్లేదు; నంబులపూలకుంట సోలార్ పార్కు లాంటివి వేల ఎకరాల్లో పరుచుకున్న జిల్లా మనది. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా జరపమంది. 2018లో మన రాష్ట్రం చేసుకున్న సవరణ, పారిశ్రామిక కారిడార్ల వంటివాటిని దాన్నుంచి తప్పించే వీలు ప్రభుత్వానికి ఇచ్చింది. ఒక్కో తలుపూ ఇలా మూసుకుంటూ పోతే చివరికి ఆ చేనుకు మిగిలే కాపలాదారు జేసీబీ డ్రైవరు. అతనికి గంటల లెక్కన కూలి.

"అన్నా, ఈడేదో రాయి తగిలింది. అక్షరాలుండాయి."

"ఎవురికీ చెప్పాకు. పక్కకు తొయ్యి. పని నిలబడిపోతాది."

ఇంతకంటే పొడవైన సంభాషణ ఏ సైటులోనూ జరగదు.

ఇంతకూ చేలల్లో ఏముంటుంది? గుళ్ళూ కోటలూ తప్ప చరిత్ర ఇంకేముంటుందని అడిగేవాళ్ళ కోసం కాస్త విడమరచాలి. కళ్యాణదుర్గం వైపు పాలవాయి దగ్గర బూడిద దిబ్బ ఉంది. రాష్ట్రాలు దాటి బళ్ళారి, రాయచూరు, పాత మహబూబ్‌నగర్ జిల్లాల దాకా ఇలాంటివి ఉన్నాయి. బళ్ళారి పక్కన కుడితిని దిబ్బను హిడింబాసురుడి చితి అని చెప్పుకునేవాళ్ళు. అసలు సంగతి, నాలుగైదు వేల ఏళ్ళ కిందట ఆవుల మందలను కాచుకున్నవాళ్ళు దొడ్లలో పేడ పోగేసి, మళ్ళీ మళ్ళీ కాల్చగా మిగిలిన బూడిద అది. పాత మహబూబ్‌నగర్‌లోని ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వి చూపించేదాకా పండితులకే నమ్మకం కుదరలేదు. బూడిద మంచి ఎరువు. అందుకని చుట్టుపక్కల రైతులు బండ్లకెత్తుకుపోయి చల్లుకున్నవి ఎన్నో. ఇందులో రైతు తప్పేమీ లేదు. ఇది ఫలానా అని అతనికి చెప్పినవాళ్ళు లేరు.

నంద్యాల జిల్లా జ్వాలాపురం కథ ఇంకా వింతగా ఉంటుంది. దాదాపు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరొచ్చిన బూడిద అక్కడి లోయలో పొరగా పేరుకుంది. ఆ పొరకు కిందా పైనా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయి. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియాల బృందం అక్కడ తవ్విన తర్వాత ఆ పల్లె పేరు ప్రపంచ శాస్త్ర పత్రికల్లోకి వెళ్ళింది. అదే బూడిదను ఊళ్ళో తవ్వుకుని అంట్లు తోమే పొడికి అమ్ముకున్నారు. మానవజాతి చరిత్రను వంటింటి గిన్నెలకు రుద్దేశామన్నమాట.

ఇక కళ్యాణదుర్గం దగ్గర ముదిగల్లులో, చుట్టుపక్కల గుట్టల వాలుల్లో కనిపించే రాతిపలకల గూళ్ళు ఉన్నాయి. జనం వాటిని రాక్షస గుళ్ళు అంటారు. ఇనుము వాడకం మొదలైన కాలపు సమాధులవి. దున్నినప్పుడు నలుపూ ఎరుపూ కలిసిన కుండపెంకులు పైకొస్తాయి. లోపల నల్లగా, బయట ఎర్రగా, వేలితో రుద్దితే నున్నగా ఉంటాయి. మనకు పనికిరాని పెంకు; చూసే కన్ను ఉన్నవాడికి రెండు మూడు వేల ఏళ్ళ చిరునామా. పొత్రంలా నున్నగా అరగదీసిన రాతి గొడ్డళ్ళను చెట్టు కింద దేవుళ్ళుగా నిలుపుకున్న ఊళ్ళున్నాయి. 19వ శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త బళ్ళారి, అనంతపురం సీమల్లో తిరిగి అలాంటివి ఏరి, మద్రాసు మ్యూజియానికి చేర్చాడు. ఆయన కేవలం నడిచాడు. అప్పటికి జేసీబీ పుట్టలేదు.

ఊరు లేచిపోయిన చోటును మనవాళ్ళు పాటి అంటారు. పాటిమన్ను సారవంతం, చేలకు తోలుకుంటారు. పాటిదిబ్బ, పాతూరు చేను, కోట చేను, గుడిమడి లాంటి పేర్లు పట్టాదారు పాసుపుస్తకంలో ఉండవు, నోళ్ళల్లో ఉంటాయి. రెవెన్యూవాళ్ళకు ఇంకో అందమైన మాట ఉంది: బేచిరాకు గ్రామం. పారశీకంలో చిరాగ్ అంటే దీపం. దీపం వెలగని ఊరు. రికార్డులో ఊరి పేరుంటుంది, హద్దులుంటాయి, మనిషి ఉండడు. కరువో కలరానో దండయాత్రో ఊరిని ఖాళీ చేయించి ఉంటుంది. ఇళ్ళు లేవు కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్ళు తక్కువ. అందువల్లే బేచిరాకు భూమి పారిశ్రామిక వాడకు మహా అనువుగా కనిపిస్తుంది. ఆ దీపం ఎందుకు ఆరిందో చెప్పే ఆనవాళ్ళు మాత్రం సరిగ్గా అక్కడే ఉంటాయి.

ఒక వీరగల్లు దగ్గర కాసేపు కూర్చోండి. ఈ సీమ ఒకప్పుడు నొళంబ రాజుల ఏలుబడిలోది. అమరాపురం మండలంలోని హేమావతి, పాత పేరు హెంజేరు, వాళ్ళ రాజధాని. ఆవులమందను తోలుకుపోయే శత్రువుకు అడ్డంపడి చచ్చిపోయినవాడికి ఊరు నిలబెట్టే రాయి వీరగల్లు. నిలువు పలకను సాధారణంగా మూడు అరలుగా చెక్కుతారు. కింది అరలో వాడు విల్లో కత్తో పట్టి ఉంటాడు. ఒక్కోసారి కాళ్ళ దగ్గర ఆవులుంటాయి. మధ్య అరలో అప్సరసలు చెరో రెక్కా పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. పై అరలో శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. ఆ పైన ఒక పక్క సూర్యుడు, ఇంకో పక్క చంద్రుడు. అవి ఉన్నంత కాలం ఈ పేరు ఉండాలని. అరల మధ్య పట్టీల్లో, కొన్ని రాళ్ళ మీద, కన్నడ తెలుగు లిపులు ఇంకా విడిపోని కాలపు అక్షరాలు రెండు మూడు వరుసలుంటాయి. ఆ వరుసల్లో ఊరి పేరుంటుంది, రాజు పేరుంటుంది, చనిపోయిన మామూలు మనిషి పేరుంటుంది. రాజుల పేర్లు రాగిరేకుల్లోనూ దొరుకుతాయి. ఆ మామూలు మనిషి పేరు ఇక్కడ తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. రాయి ఉన్న చోటినుంచి పెకిలిస్తే, ఏ ఊరి గట్టు మీద, ఏ దారి మొదట్లో ఆ పోరు జరిగిందో ఆ సగం కథ పోతుంది. కంకర మిషన్లో పడితే మొత్తం పోతుంది.

ఇదంతా పల్లెటూరి ముచ్చట అనుకునేవాళ్ళకు బేగూరు సంగతి చెప్పాలి. బెంగళూరు దక్షిణాన, నాగేశ్వరాలయంలో 890 ప్రాంతపు వీరగల్లు శాసనం ఉంది. బెంగళూరు పోరులో ఒకడు చనిపోయాడని అందులో రాసి ఉంది. ఆ మహానగరం పేరుకు దొరికిన అతి పాత ఆధారం అదే. మన పిల్లలు ఉద్యోగాలకు పోయే ఊరి జన్మపత్రిక ఒక వీరగల్లు. ఆ ఊరి చుట్టూ చేలు లేఅవుట్లయినప్పుడు ఎన్నో శాసనాలు మాయమయ్యాయి. మిగిలినవాటిని ఇప్పుడు అక్కడి ఔత్సాహికులు వెదికి వెదికి కంప్యూటరు స్కానింగుతో భద్రపరుస్తున్నారు. అదే బెంగళూరు ఇప్పుడు పెరుగుతూ పెరుగుతూ హిందూపురం గడప తొక్కింది. వాళ్ళు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం మనం పోగొట్టుకోకుండా నేర్చుకునే అవకాశం ఇంకా ఉంది. ఎక్కువ కాలం ఉండదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు చెరువుల గురించి. గుడి కూలితే నలుగురు చూస్తారు. కాలువ పూడితే ఎవరి కంటా పడదు. గౌరిబిదనూరు తాలూకాలో 1388 నాటి శాసనం ఒకటి ఉంది. రెండో హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉంటూ, జలసూత్రం తెలిసిన సింగయభట్టును పిలిచి, హెన్నె నదిని, అంటే మన పెన్నను, పెనుకొండకు తెమ్మన్నాడు. సింగయభట్టు సిరువెర చెరువుకు కాలువ తవ్వి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టి, శాసనం రాయించాడు. ఇంజనీరు పేరు రాజు పేరు పక్కన రాతిమీద నిలవడం మన దేశంలో ఎంత అరుదో చెప్పక్కర్లేదు. ఆరువందల ఏళ్ళ తర్వాత అదే పెనుకొండకు కృష్ణ నీళ్ళు హంద్రీ–నీవా మీదుగా గొల్లపల్లి జలాశయానికి వచ్చాయి, అక్కడినుంచి కార్ల ఫ్యాక్టరీకి పోయాయి. నీళ్ళు తేవడమే ఇక్కడి చరిత్ర. బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు, వాటి వెనక గొలుసుకట్టుగా వందల కుంటలు, రాతి తూములు, మరవలు. చెరువు తవ్వించినవాడికీ కట్ట చూసుకునేవాడికీ ఆయకట్టులో వాటాగా ఇచ్చే దశబంధ మాన్యాలు, వాటి హద్దురాళ్ళు. గట్టు మీది ఆ రాళ్ళు చూడ్డానికి మామూలు రాళ్ళే. చేను చదునుచేసేవాడు మొదట పీకేది గట్టునూ గట్టురాయినే.

చదును చేసేముందు జరిపే పురావస్తు అంచనా అంటే ఏం చేస్తారో తెలియక చాలామంది భయపడతారు. ఏళ్ళ తరబడి బ్రష్షులు పట్టుకుని కూర్చుంటారని అపోహ. మొదటి పని ఆఫీసులోనే: పాత ఎఫ్.ఎం.బి. (చేల కొలతల) పటాలు, ఇనాం రిజిస్టర్లు, బేచిరాకు జాబితా, అచ్చయిన శాసన సంపుటాలు, ఉపగ్రహ చిత్రాలు దగ్గర పెట్టుకుని, ఏ సర్వే నంబరు మీద అనుమానముందో గుర్తించడం. తర్వాత ఊళ్ళోకి వెళ్ళి గొర్రెల కాపరులనూ ముసలివాళ్ళనూ చేల పేర్లు అడగడం. ఆ తర్వాత నడక. తొలకరి దుక్కి అయ్యాక ఒక పెద్ద వాన పడి మన్ను కడుక్కుపోయిన రోజుల్లో నడిస్తే పెంకు, రాతిముక్క, బూడిదరంగు మట్టి వాటంతటవే కనిపిస్తాయి. పదిమంది ఇరవై మీటర్ల ఎడంతో వరసగా నిలబడి రోజుకు ఐదు కిలోమీటర్లు నడిస్తే, ఒక్క రోజులో దాదాపు 250 ఎకరాలు చూసినట్టు. మంత్రిగారు చెప్పిన 8,000 ఎకరాలకు నెల మీద రెండు మూడు రోజులు. ఎర్రమంచిలో 536 ఎకరాలకు మూడు రోజులు కూడా పట్టేది కాదు. ఒక్క పర్మిషన్ ఫైలు ఒక టేబుల్ మీద పడుకునే కాలం కంటే ఇది తక్కువ.

అనుమానం తగిలిన చోట పరీక్ష కందకాలు తీస్తారు. రెండు మీటర్ల వెడల్పు, చేను పొడవునా కొన్ని చోట్ల. అది తవ్వేదీ జేసీబీయే. కాకపోతే బకెట్టుకు పళ్ళుండవు. పళ్ళులేని బకెట్టుతో పైమన్నును పొరపొరగా గీస్తూ పోతే, పక్కన నిలబడ్డవాడికి నేల రంగు మారిన చోట పాత గుంటలూ గోడల పునాదులూ పొయ్యిలూ నీడల్లా తేలతాయి. చూసి, కొలిచి, ఫొటో తీసి నిర్ణయించుకోవచ్చు. చాలా చేలల్లో ఏమీ ఉండదు. కట్టుకోండి అని రాసిస్తారు. కొన్నిచోట్ల షెడ్డును యాభై మీటర్లు జరిపితే సరిపోతుంది. సోలార్ పలకలైతే జరపడం ఇంకా తేలిక. జరపలేని చోట ముందు తవ్వి, నమోదు చేసి, ఆ తర్వాత కట్టుకుంటారు. మట్టి గోతుల సంగతి మరవకూడదు. రోడ్డు వేసేవాడు రోడ్డు కింద ఏముందో చూసినా, కట్ట పోయడానికి మట్టి, గ్రావెల్ ఎక్కడినుంచి తెచ్చాడో ఎవరూ చూడరు. ఊరి పక్క పాటిదిబ్బ అతనికి రెడీమేడ్ మట్టి. అంచనా అంటూ జరిగితే ఆ గోతులకూ జరగాలి.

ఇది మనకు కొత్తా అంటే, కాదు. నాగార్జునసాగర్ నిండేముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను ఎత్తి, గుట్ట మీదా ఒడ్డునా మళ్ళీ నిలబెట్టారు. శ్రీశైలం జలాశయం నిండేముందు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరేసి అలంపురానికి తెచ్చారు. డబ్బులేని రోజుల్లోనే ఆ పని జరిగిన నేల మనది. నీళ్ళు ముంచుతాయంటే మేల్కొన్నాం. సిమెంటు కూడా ముంచుతుందని ఇంకా గ్రహించలేదు. ఇంగ్లండులో 1990 నుంచీ, కట్టేవాడే ముందు నేలను పరీక్ష చేయించి ఆ ఖర్చు భరించాలన్న నియమం ఉంది. ఫ్రాన్సులో 2001 చట్టం దీనికోసం ఏకంగా ఒక జాతీయ సంస్థనే పెట్టింది. ఆ దేశాల్లో ఫ్యాక్టరీలూ హైవేలూ ఆగిపోయాయా? మన దగ్గరికి వచ్చే విదేశీ కంపెనీల్లో కొన్ని సొంత గడ్డ మీద ఈ నియమాలు పాటిస్తూనే ఉన్నాయి. ఇక్కడ పాటించవెందుకంటే, మనం అడగలేదు.

ఇంకో చిరాకు కూడా చెప్పుకోవాలి. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు వేల పల్లెల మీద ఎగిరాయి, సర్వేయర్లు గట్టుగట్టూ తిరిగారు. బ్రిటిషువాళ్ళ తర్వాత ఇన్ని చేలను ప్రభుత్వం కళ్ళారా చూసింది అప్పుడే. ఇక్కడ అక్షరాల రాయి ఉంది, ఇక్కడ దిబ్బ ఉంది అని నింపడానికి ఫారంలో ఒక్క గడి అదనంగా పెట్టి ఉంటే ఈ వ్యాసం సగం అవసరం తప్పేది. ఆ సర్వేయర్లలో ఎంతమంది చూసి కూడా రాసుకోకుండా ముందుకు నడిచారో.

రైతు భయం నిజమైనది, దాన్ని కొట్టిపారేయకూడదు. పాత రాయి ఉందని చెబితే భూమి పోతుందని, అమ్మకం ఆగుతుందని అనుకుంటాడు. నమోదు వేరు, రక్షిత ప్రాంతంగా ప్రకటించడం వేరు. కేంద్ర చట్టం కింద ప్రకటించాలన్నా రెండు నెలల ముందు నోటీసిచ్చి అభ్యంతరాలు వినాల్సిందే. నమోదుకు అవేవీ అక్కర్లేదు. ఒక ఫొటో, ఒక కొలత, ఒక సర్వే నంబరు చాలు. పరిహారం లెక్క కట్టేముందే ఈ పని ముగించి, ఖర్చు భూమి తీసుకునేవాడి మీద వేస్తే రైతుకు పైసా నష్టం లేదు.

రైతు నోరు మూయించే భయం మరొకటుంది: గుప్తనిధుల ముఠాలు. ఈ జిల్లాలో పగిలిన నందులు, పీఠం కింద గొయ్యి తీసిన లింగాలు, పడగొట్టిన వీరగల్లులు చూసిన మండలాలు ఎన్నో. అమావాస్య రాత్రి నిమ్మకాయలూ గడ్డపారా పట్టుకుని వచ్చేవాడికి అక్షరాల రాయి నిధికి గుర్తుగా కనిపిస్తుంది. అందులో రాసి ఉన్నది ఎకరం మాన్యం సంగతి, చచ్చిపోయిన మనిషి సంగతి. ఈ ముఠాల భయంతో ఊళ్ళు తమ రాళ్ళ గురించి బయటికి చెప్పడం మానేశాయి, చెప్పకపోవడంవల్ల అవి రికార్డుకెక్కలేదు, రికార్డులో లేవు కాబట్టి బుల్డోజరుకు అడ్డులేదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా ఉంది. నేలలో దాగిన, పది రూపాయలు మించిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలంటుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు పల్లెల్లో ఎందరు? ధర్మవరం, హిందూపురం డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లలను సెలవుల్లో ఊళ్ళకు పంపితే ఇది చెప్పొచ్చు, రాళ్ళూ లెక్కపెట్టించొచ్చు.

కలెక్టరుగారికీ, పరిశ్రమల మౌలిక వసతుల సంస్థకూ, రాష్ట్ర పురావస్తు శాఖకూ నా డిమాండు ఒక్కటే. లేపాక్షి, చిలమత్తూరు, గోరంట్ల, మడకశిర, పెనుకొండ మండలాల్లో పరిశ్రమలకు పెట్టిన ప్రతి ఎకరం, దాని మట్టి గోతులతో సహా, నడిచి చూసిన నివేదిక బయట పెట్టేదాకా చదును పనులు మొదలవకూడదు. కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. భూ కేటాయింపు ఉత్తర్వులో ఒక షరతుగా రాస్తే చాలు. కంపెనీలు వంద షరతులకు సంతకం పెడతాయి, నూటొకటోదానికీ పెడతాయి.

చదివేవారికి ఒక మాట. మీ చేలో, మీ ఊరి కట్ట మీద, గుడి వెనక అక్షరాల రాయి ఉంటే దానికి సున్నం, రంగు, నూనె పూయకండి. పొద్దున ఏటవాలు ఎండలో ఫొటో తీయండి. అక్షరాలు అప్పుడే బాగా తేలతాయి. సర్వే నంబరు రాయండి. మీ మండలంలో పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ ఉందంటే కనీసం 30 రోజుల ముందు ప్రకటన వస్తుంది. ఆ రోజు లేచి నిలబడి, ఆ ఫొటో చూపించి, ఈ చేను నడిచి చూసిందెవరని అడగండి, మీ ప్రశ్న మినిట్స్‌లో రాయమనండి. సేకరణ లేని ప్రాజెక్టయితే తహసీల్దారుకు అర్జీ రాసివ్వండి. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవడం మరవకండి.